ఎలక్ట్రిక్ ఆటో కొంటున్నారా? రేంజ్ సంగతి తర్వాత.. ముందు వెనక ఇరుసు చూడండి!

ఏటూరునాగారం: ఒక్కసారి చార్జ్ చేస్తే 140 కిలోమీటర్లు.. 178 కిలోమీటర్లు.. కాదు కాదు, 251 కిలోమీటర్లు! ఎలక్ట్రిక్ ఆటోల ప్రకటనలు చూస్తే అన్నీ ఈ ఒక్క అంకె చుట్టే తిరుగుతుంటాయి. సిటీలో సాఫీ రోడ్డు మీద, మెట్రో స్టేషన్ నుంచి కాలనీకి ముగ్గుర్ని ఎక్కించుకుని తిరిగే బండికి ఆ అంకె చాలు. కానీ ఏటూరునాగారం అడ్డా మీద నిలబడే ఆటోకు? పొద్దున హైవే, మధ్యాహ్నం మిరప తోటకు పోయే మట్టిబాట, సాయంత్రం అడవిలో మలుపులు. ఇక్కడ బండి ఆగిపోయేది చార్జింగ్ అయిపోయి కాదు. వాన పడ్డాక వెనక చక్రం బురదలో తిరిగిన చోటే తిరుగుతుంటే ఆగిపోతుంది. ఇక బోల్తా పడేది మలుపులో బ్రేక్ కొట్టినప్పుడు.

ఈ రెండింటికీ బ్యాటరీతో సంబంధం తక్కువ. చక్రాలు ఎక్కడున్నాయి, ఇంజన్ బలం ఏ చక్రానికి, ఎలా చేరుతోంది అన్న దానితోనే సంబంధం అంతా. పాత డీజిల్ బండి అమ్మేసి కొత్తది తీసుకుందామని చూస్తున్న డ్రైవర్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం కూడా అడగాలి. ఇప్పటిదాకా అయితే ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

కారణాలు తెలిసినవే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకంతో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆడవాళ్లకు అది పెద్ద ఊరట. అందులో రెండో మాట లేదు. కానీ బస్సు తిరిగే రూట్లలో ఆటో గిరాకీ పడిపోయిందని డ్రైవర్లు అప్పటి నుంచీ మొత్తుకుంటున్నారు. రోడ్డెక్కి ధర్నాలూ చేశారు. బస్సుతో పోటీ పడలేనప్పుడు ఆటోకు మిగిలేది ఏంటి? బస్సు పోని దారే కదా. అంటే లోపలి గూడేలు, వాగు ఒడ్డు ఊళ్లు, తోటలు. రోడ్డు ఎంత అధ్వానంగా ఉంటే గిరాకీ అంత ఖాయం అన్నమాట. వినడానికి వింతగా ఉన్నా ఏజెన్సీలో ఆటో బతుకు ఇదే.

ఇంకోవైపు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు వంద శాతం మాఫీ చేసింది. 2026 డిసెంబర్ 31 వరకు ఇది వర్తిస్తుందని చెప్పింది. మూడు సీట్ల ఆటోలు, మూడు చక్రాల గూడ్స్ బండ్లు అందులో ఉన్నాయి. కేంద్రం 2024 అక్టోబర్‌లో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఆటోలకు బ్యాటరీ కెపాసిటీని బట్టి సాయం ఖరారు చేశారు. మొదట కిలోవాట్ అవర్‌కు 5 వేలు, తర్వాతి ఏడాది 2,500 రూపాయలు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. డబ్బు ఇచ్చింది బ్యాటరీ సైజు చూసి. బండి వెనక చక్రాలు బురదలో పట్టు దొరికించుకుంటాయా, మలుపులో నిలబడతాయా అన్న దానికి ఆ సబ్సిడీ లెక్కలో చోటే లేకపోయింది. బ్యాటరీ పెద్దదైతే సాయం ఎక్కువ, అంతే!

ముందు ఒకటి, వెనక రెండు.. ఎందుకలా?

మనం రోజూ చూసే ఆటోకు ముందు ఒక చక్రం, వెనక రెండు. ఇది ఇండియాలో పుట్టిన డిజైన్ కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1948లో ఇటలీ కంపెనీ పియాజియో తన వెస్పా స్కూటర్ ముందుభాగాన్ని అలాగే ఉంచి, వెనక రెండు చక్రాల తొట్టి తగిలించింది. కార్లు కొనలేని చిన్న వ్యాపారుల కోసం. వెస్పా అంటే ఇటాలియన్‌లో కందిరీగ. ఈ మూడు చక్రాల బండికి పెట్టిన పేరు ఆపే, అంటే తేనెటీగ. మన ఊళ్లలో ఇప్పటికీ 'ఆపే ఆటో' అంటున్నామే, అదే ఇది. మన దగ్గర బజాజ్ కూడా పియాజియో పరిజ్ఞానంతోనే ఆటోలు మొదలుపెట్టింది. తర్వాత ఇంజన్‌ను వెనక్కి జరిపింది. బజాజ్ ఆర్‌ఈలో ఆ రెండక్షరాలకు అర్థం కూడా 'రియర్ ఇంజన్' అనే.

ఈ లేఅవుట్ ఇన్నేళ్లు నిలబడటానికి గట్టి కారణాలున్నాయి. ముందు ఒక్క చక్రమే కాబట్టి స్టీరింగ్ చాలా సింపుల్. స్కూటర్ హ్యాండిల్, ఒక ఫోర్క్, ఒక షాక్ అబ్జర్వర్. పాడైతే ఊళ్లో మెకానిక్కే బాగు చేసేస్తాడు. ఇరుకు సందులో కూడా బండి చటుక్కున తిరుగుతుంది. జనం కూర్చునేది వెనక, బరువు పడేది వెనక రెండు చక్రాల మీద, నడిచేదీ ఆ చక్రాలే. బరువున్న చక్రానికే బలం ఇవ్వాలి అన్నది బండ్ల విషయంలో మొదటి సూత్రం. ఎద్దుల బండి కట్టే వడ్రంగిని అడిగినా చెబుతాడు, బరువు ఇరుసు మీదకే రావాలని.

దీనికి పూర్తి రివర్స్ డిజైన్ కూడా ఉంది. ముందు రెండు, వెనక ఒకటి. ఇంగ్లండ్‌లో మోర్గాన్ కంపెనీ వందేళ్ల కిందటే అలాంటి బండ్లు చేసింది. ఈ మధ్య యూట్యూబ్‌లో కనిపించే కెన్-యామ్ స్పైడర్ కూడా అదే బాపతు. మలుపులో దాని పట్టు వేరే లెవెల్. మరి అదే తెచ్చుకోవచ్చుగా? రెండు చిక్కులున్నాయి. ముందు రెండు చక్రాలు తిప్పాలంటే కారు లాంటి స్టీరింగ్ కావాలి, ఖర్చు పెరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు.. ఆ బండి స్థిరంగా ఉండాలంటే బరువు ముందు చక్రాల వైపు ఉండాలి. మన ఆటోలో జనం, బస్తాలు అన్నీ వెనకే. ఎనిమిది మందిని వెనక ఎక్కించి ఒక్క చక్రం మీద నడిపిస్తే ఆ టైరు పని గోవిందా. కాబట్టి మోత బండికి ఇప్పుడున్న పద్ధతే సరైంది. అయితే ఈ పద్ధతికి ఉన్న రెండు బలహీనతలూ ఏటూరునాగారం దారుల్లో రోజూ ఎదురయ్యేవే.

బురదలో ఆ ఒక్క చక్రం

మొదటిది డిఫరెన్షియల్. డ్రైవర్లలో కొందరు హౌసింగ్ అంటారు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఏదో ఒకటి ఈడ్చుకుంటూ పోతుంది. అందుకే మధ్యలో గేర్ల పెట్టె పెట్టి, రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరిగేలా చేశారు. తారు రోడ్డు మీద ఇంత గొప్ప ఏర్పాటు ఇంకోటి లేదు.

బురదలో మాత్రం ఇదే శత్రువు. ఎందుకంటే మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే తోపు ఇస్తుంది. జారే చక్రం ఎంత తోపు తట్టుకుంటే, గట్టి నేల మీదున్న చక్రానికీ అంతే అందుతుంది. ఒకటి బురదలో గిర్రున తిరుగుతుంటే, రెండోది గట్టి నేల మీద ఉండి కూడా బొమ్మలా నిలబడుతుంది. వానాకాలం ఈ దారుల్లో ఆటో ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఈ సీన్ తెలుసు. అందరూ దిగాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి, తొయ్యాలి.

ఇదెంత తేడానో ఒక చిన్న లెక్కలో చూద్దాం. బండి, మనుషులు కలిపి 900 కిలోలు అనుకుందాం. అందులో 630 కిలోలు వెనక రెండు చక్రాల మీద, 270 కిలోలు ముందు చక్రం మీద. ఎదురుగా వాగు గట్టు, పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు. ఆ ఎత్తు ఎక్కడానికి 90 కిలోల తోపు కావాలి. మెత్తటి నేల వెనక్కి లాగేది ఇంకో 27 కిలోలు. మొత్తం 117. తడి మట్టి మీద టైరు పట్టు, దాని మీదున్న బరువులో మూడో వంతు కంటే కాస్త తక్కువ, అంటే 30 శాతం అనుకుందాం. వెనక రెండు చక్రాలూ అలాంటి నేల మీదే ఉంటే దొరికే తోపు 189 కిలోలు. బండి హాయిగా ఎక్కేస్తుంది. ఇప్పుడు ఒక చక్రం జిగట బురదలో పడింది, పట్టు 10 శాతమే. ఆ చక్రం ఇచ్చేది 31 కిలోలు. డిఫరెన్షియల్ పుణ్యమా అని రెండోదీ అంతే ఇస్తుంది. కలిపితే 63. కావాల్సింది 117. బండి కదలదు!

అదే, ఆ కాసేపు రెండు చక్రాలనూ కలిపి బిగించగలిగితే? గట్టి నేల మీది చక్రం తన పూర్తి పట్టు 94 కిలోలు ఇస్తుంది, బురదలోది 31. మొత్తం 126 దాకా వస్తుంది. బొటాబొటీగా అయినా గట్టెక్కుతుంది. అదే ఇంజన్, అవే టైర్లు. మారింది ఒక్క పిన్ను.

ఈ ఏర్పాటు ఏదో విదేశాల్లో దొరికే వింత కాదు. ఇక్కడి ప్రతి రైతుకూ తెలిసిందే. ట్రాక్టర్‌లో డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం జారితే కాలితో తొక్కుతారు, రెండూ కలిసి తిరుగుతాయి. పైగా ఎడమ చక్రానికి, కుడి చక్రానికి విడివిడిగా బ్రేకులుంటాయి. పొలంలో దిగే బండికి అవసరం అని గుర్తించారు, పెట్టారు. మరి ఆ పొలం దాకా కూలీలను మోసుకెళ్లే ఆటోకు ఎందుకు లేదు? ఆటోను మన కంపెనీలు మొదటి నుంచీ పట్టణం బండిగానే చూశాయి కాబట్టి. పల్లెల్లో, ఏజెన్సీలో ఇన్ని ఆటోలు తిరుగుతున్నా డిజైన్ టేబుల్ మీద మాత్రం అది ఇంకా సిటీ బండే.

లాక్ అనగానే శాశ్వతంగా బిగించేస్తే పోలా అనుకోవద్దు. ఆ ప్రయోగం అమెరికాలో జరిగింది. 1970 నుంచి హోండా, తర్వాత మరికొన్ని కంపెనీలు మూడు చక్రాల ఏటీవీలు అమ్మాయి. పొలాల్లో, ఇసుకలో నడిపే బండ్లు. వాటికి వెనక డిఫరెన్షియల్ లేకుండా బిగించిన ఇరుసే. ఇసుకలో దూసుకెళ్లేవి కానీ, మలుపులో సరిగా తిరగక బోల్తా పడేవి. ప్రమాదాలు పెరిగి, చివరికి 1988లో అక్కడి ప్రభుత్వంతో కోర్టు ఒప్పందం చేసుకుని కంపెనీలు మూడు చక్రాల ఏటీవీల అమ్మకం ఆపేశాయి. కాబట్టి కావాల్సింది అవసరమైనప్పుడు వేసి, తారు రోడ్డెక్కగానే తీసేసే లాక్.

మూడో గాడి లేని దారి

ఇక్కడో మాట చెప్పుకోవాలి. సిటీ వాళ్లకు అస్సలు తట్టని విషయం ఇది. గూడేలకు పోయే మట్టిబాట ఎలా ఏర్పడుతుంది? ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు గాళ్లు పడతాయి. మధ్యలో గడ్డి మొలిచిన గట్టు మిగులుతుంది. జీపు, ట్రాక్టర్ అయితే నాలుగు చక్రాలూ ఆ రెండు గాళ్లలోనే పోతాయి. ఆటోకు అలా కుదరదు. వెనక రెండు చక్రాలు గాళ్లలో ఉంటే ముందు చక్రం మధ్య గట్టెక్కాలి. అక్కడ రాళ్లుంటాయి, మొద్దులుంటాయి, గడ్డి కింద గుంత ఉందో లేదో కనపడదు. ముందు చక్రాన్ని గాడిలో పెడదామంటే వెనక ఒక చక్రం గట్టు మీద, ఇంకోటి దారి పక్క బురదలో. అప్పుడు బండి ఒక పక్కకు ఒరుగుతుంది, పక్కకు దిగిన చక్రం జారుతుంది. మళ్లీ డిఫరెన్షియల్ కథ మొదటికి!

అంటే రెండు గాళ్ల దారికి మూడు చక్రాల బండి పుట్టుకతోనే సరిపోదు. ఈ ఇబ్బంది కాస్త తగ్గాలంటే పెద్ద చక్రాలు, నేలకూ బండి అడుగుకూ మధ్య ఎక్కువ ఎత్తు కావాలి. బజాజ్ ఆర్‌ఈ లాంటి చిన్న ఆటోలకు 8 అంగుళాల రిమ్ముకు ఎక్కే టైర్లు వస్తాయి. మోత బండ్లకు 10 అంగుళాలు, కొన్ని కొత్త మోడళ్లకు 12 అంగుళాలు. రెండు అంగుళాలే కదా అనిపిస్తుంది. చిన్న చక్రం గుంతలో పడితే గుంత అంచు దానికి గోడలా తగులుతుంది, పెద్ద చక్రానికి అదే మెట్టులా ఉంటుంది. మట్టిబాట బండికి ఈ తేడా కిలోమీటర్ల రేంజ్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

నాలుగు చక్రాల టాటా మ్యాజిక్‌లు పల్లె రూట్లలోకి వచ్చింది కూడా కొంత ఇందుకే. కానీ వాటి ధర, డీజిల్ ఖర్చు, ట్యాక్స్ వేరే లెక్క. రోజుకు నాలుగైదు ట్రిప్పులు దొరికే చోట ఆటోనే గిట్టుబాటు.

తాడ్వాయి అడవి మలుపులో ఏం జరుగుతుంది?

ఇప్పుడు రెండో బలహీనత. ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే.

ములుగు నుంచి పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వచ్చే 163వ నంబర్ జాతీయ రహదారి అడవి గుండా పోతుంది. అక్కడి నుంచి గోదావరి మీద ముళ్లకట్ట వంతెన దాటి వాజేడు వైపు, అటు నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు. లారీలు, ఇసుక టిప్పర్లు, బస్సులు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు వచ్చే లక్షల జనం.. అన్నీ ఇదే రోడ్డు. ఆ ట్రాఫిక్ మధ్యలో మలుపు తిరిగే ఆటోను ఊహించుకోండి.

నాలుగు చక్రాల బండి నిలబడే చోటు నాలుగు మూలల దీర్ఘచతురస్రం. ఆటో నిలబడేది త్రిభుజం మీద. వెనక వెడల్పు, ముందుకొచ్చే కొద్దీ సన్నం. బరువు ఆ త్రిభుజంలో వెనక్కి ఉన్నంతసేపు పర్లేదు. మలుపులో ఉన్నట్టుండి బ్రేక్ వేశారంటే బరువంతా ఒక్కసారి ముందుకు, సన్నటి కొస వైపు తూలుతుంది. అదే సమయంలో మలుపు పక్కకు లాగుతుంటుంది. కొస దగ్గర ఆపడానికి వెడల్పు లేదు. బండి బయటి పక్కకు పడిపోతుంది.

దీనికీ ఒక లెక్క వేద్దాం. వెనక చక్రాల మధ్య వెడల్పు 1.15 మీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య 2 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో, వెనక వైపు మూడింట రెండొంతుల దూరంలో ఉందనుకుందాం. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న నాలుగు చక్రాల బండి లెక్క ప్రకారం గంటకు 46 కిలోమీటర్ల దాకా నిలబడుతుంది. ఆటో 37 దగ్గరే పక్కకు లేవడం మొదలుపెడుతుంది. అదే మలుపులో ఓ మోస్తరు గట్టిగా బ్రేక్ వేస్తే 33. ఇక టాప్ మీద బస్తాలు వేసి బరువు కేంద్రం 90 సెంటీమీటర్లకు చేరితే, అప్పుడు బ్రేక్ వేస్తే.. 28! ఇవి కాగితం మీది లెక్కలే. బండిని బట్టి, రోడ్డును బట్టి మారతాయి. కానీ దిశ మాత్రం మారదు. 37కూ 28కీ మధ్య తేడా డ్రైవర్ నైపుణ్యం కాదు, టాప్ మీది బస్తా, పాదం కింది బ్రేక్.

ఇంకో అలవాటు ఉంది. వెనక డిక్కీలో కాళ్లు బయటకు వేలాడేసి ఇద్దరు ముగ్గురు కూర్చోవడం. మిరప తోటల సీజన్‌లో కూలీలను తీసుకెళ్లే బండ్లలో ఇది మామూలే. వాళ్ల బరువు వెనక ఇరుసుకు కూడా అవతల పడుతుంది. త్రాసులో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు ముందు చక్రం తేలికైపోతుంది. హ్యాండిల్ తిప్పితే బండి తిరగదు, ముందు బ్రేక్ పట్టదు. హ్యాండిల్ 'తేలిపోతోంది' అనిపించేది ఇప్పుడే. మూడు సీట్లకు పర్మిట్ ఉన్న బండిలో పది మంది ఎక్కితే సీన్ ఇలా ఉంటుంది. ఓవర్‌లోడ్ తప్పే, డౌట్ లేదు. కానీ కూలీ తోటకు చేరడానికి వేరే బండి లేని ఊళ్లో చలాన్ ఒక్కటే దీనికి మందు కాదు.

బ్రిటన్‌లో రిలయంట్ రాబిన్ అనే కారు ఉండేది. మన ఆటో లాగే ముందు ఒకటి, వెనక రెండు చక్రాలు. టాప్ గేర్ షోలో జెరెమీ క్లార్క్‌సన్ దాన్ని నడుపుతూ ప్రతి మలుపులో బోల్తా కొట్టించిన వీడియో చాలామంది చూసే ఉంటారు. తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు, అలా పడేలా డిఫరెన్షియల్‌ను ముందే మార్పించామని. నవ్వు కోసం చేసింది అది. వెనక ఇరుసు సంగతి ఎంత కీలకమో మాత్రం ఆ వీడియో చూస్తే తెలిసిపోతుంది.

మరి ఎలక్ట్రిక్ వస్తే ఏం మారుతుంది?

మంచే జరగొచ్చు. బరువైన బ్యాటరీని ఫ్లోర్ కింద, చక్రాల మధ్యలో పెడితే బరువు కేంద్రం కిందికి దిగుతుంది. పై లెక్కలో 28 కాస్త పైకి జరుగుతుంది. క్లచ్ కాలిపోయే బాధ లేదు. మోటార్ నిలబడిన చోటి నుంచే పూర్తి బలం ఇస్తుంది, బురదలో మెల్లగా, జారకుండా కదిలించొచ్చు. యాక్సిలరేటర్ వదలగానే మోటారే వెనక చక్రాలను నెమ్మదింపజేస్తుంది, దిగుడులో బ్రేకుల మీద భారం తగ్గుతుంది.

కానీ అన్ని ఎలక్ట్రిక్ ఆటోలూ ఒకటి కాదు. 2018 నవంబర్‌లో వచ్చిన మహీంద్రా ట్రియోలో మోటార్ బలం వెనక ఇరుసుకే పోతుంది. కంపెనీ చెప్పే లెక్క 42 న్యూటన్ మీటర్ల టార్క్, 7.37 కిలోవాట్ అవర్ బ్యాటరీ. అన్నట్టు, మన జహీరాబాద్‌లోనే ఎలక్ట్రిక్ ఆటోలు, చిన్న బండ్ల తయారీ విస్తరణకు వెయ్యి కోట్లు పెడతామని మహీంద్రా 2023లో ప్రకటించింది. బజాజ్ 2025 ఫిబ్రవరిలో తెచ్చిన గోగో ఆటోల్లో రెండు స్పీడ్‌ల ఆటోమేటెడ్ గేర్ ఇచ్చింది. ప్రకటనల్లో 251 కిలోమీటర్ల రేంజ్ పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఏటూరునాగారం డ్రైవర్ చూడాల్సింది ఆ రెండు స్పీడ్‌లనే. ఒకే గేర్ ఉన్న బండిని హైవే స్పీడ్‌కు సరిపోయేలా చేస్తే గట్టెక్కేటప్పుడు నీరసిస్తుంది. గట్టుకు సరిపోయేలా చేస్తే హైవే మీద ఈడ్చుతుంది. మల్లూరు గుట్టకు భక్తుల్ని ఎక్కించుకుపోయే బండికి కింది గేర్ ఉండటం చిన్న విషయం కాదు.

జాగ్రత్త పడాల్సింది ముందు చక్రంలో మోటార్ ఉన్న కిట్లతో. పాత బండికి తక్కువ ఖర్చులో బిగించొచ్చు, వెనక ఏమీ కదపక్కర్లేదు అంటారు. మళ్లీ మన వాగు గట్టు లెక్కకు వెళ్దాం. ముందు చక్రం మీద ఉన్నది 270 కిలోలే. 30 శాతం పట్టుతో దొరికేది 81 కిలోల తోపు. కావాల్సింది 117. వెనక రెండు చక్రాలూ గట్టి నేల మీదున్నా సరే, ఎక్కదు. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జారుతుంది, ముందు చక్రం ఇంకా తేలిపోతుంది. చదును వీధుల్లో పాల క్యాన్లు మోయడానికి సరే. ఈ దారులకు మాత్రం వద్దు.

లెడ్ యాసిడ్ బ్యాటరీలతో నడిచే ఈ-రిక్షాలదీ వేరే కథ. వాటి వేగం 25 కిలోమీటర్లు దాటకూడదని రూల్. బజారులో తిరగడానికి పనికొస్తాయి. లారీలు దూసుకెళ్లే అడవి రోడ్డు మీద ఆ వేగంతో పోవడమే ఒక ప్రమాదం.

ఎలక్ట్రిక్‌లో అసలు అవకాశం ఇంకోచోట ఉంది. వెనక రెండు చక్రాలకూ రెండు మోటార్లు పెడితే డిఫరెన్షియలే అక్కర్లేదు. ఏ చక్రం జారుతోందో సెన్సర్ చూసి, దానికి కరెంటు తగ్గించి రెండోదానికి ఇవ్వొచ్చు. ఖర్చు పెరుగుతుంది, చక్రంలోనే మోటార్ ఉంటే గుంతల దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. అంత అక్కర్లేదనుకుంటే ఇంకా చవకైన దారి ఉంది. ఒక్క మోటారే ఉంచి, జారే చక్రానికి మాత్రమే బ్రేక్ పట్టించడం. ట్రాక్టర్ రైతు కాలితో చేసే పనిని కంప్యూటర్ చేస్తుంది. కార్లలో ఇది ఎప్పటి నుంచో ఉన్న టెక్నాలజీ. ఆటో ధరలో ఇమిడ్చే పని ఎవరైనా మొదలుపెట్టాలి. సబ్సిడీ కిలోవాట్లకే కాకుండా ఇలాంటి వాటికీ ఇస్తామంటే కంపెనీలు కదులుతాయి. ఏజెన్సీ యువతకు స్వయం ఉపాధి బండ్ల కోసం డబ్బు ఇచ్చేటప్పుడు ఏటూరునాగారం ఐటీడీఏ లాంటి సంస్థలు పెట్టగలిగే షరతు కూడా ఇదే. సిటీ మోడల్ ఇస్తామంటే కుదరదు, లాక్ ఉన్న ఇరుసు, 12 అంగుళాల చక్రం కావాలి అని.

నీళ్ల సంగతి మరిచిపోకూడదు. 2023 జులైలో జంపన్న వాగు పొంగి ఇదే మండలంలోని కొండాయిని ముంచి ప్రాణాలు తీసింది. అంత వరదలోకి ఏ బండీ వెళ్లకూడదు. కానీ మోకాలి లోతు లోపు చిన్న వాగులు దాటడం వానాకాలం రోజువారీ పని. మోటార్ వెనక ఇరుసు దగ్గర, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. మోటార్‌కు, కంట్రోలర్‌కు, బ్యాటరీకి ఐపీ67 ఉందా అని మూడింటికీ విడివిడిగా అడగండి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని ఆ అంకెకు అర్థం. బ్యాటరీకి ఉండి, మోటార్ వైర్ల జాయింట్‌కు లేకపోతే లాభం లేదు. దాటాక డ్రమ్ బ్రేకులు తడిసి ఉంటాయి. కాసేపు మెల్లగా బ్రేక్ నొక్కుతూ ఆరబెట్టుకోవాల్సిందే, అది డీజిల్ అయినా ఎలక్ట్రిక్ అయినా.

షోరూమ్‌లో ఏం అడగాలి?

హనుమకొండ షోరూమ్ ముందు తారు రోడ్డు మీద ఒక్కరే కూర్చుని వేసే రౌండుతో ఈ బండి గురించి ఏమీ తెలియదు. వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి, పార్కింగ్ ర్యాంపో, వంతెన ఎక్కుడో చూసి మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి చూడండి. వెనక్కి జారుతోందా? కింది గేర్ ఉందా? బ్యాటరీ సీటు కింద ఉందా, ఫ్లోర్ కింద ఉందా? ఒక వెనక చక్రాన్ని తడి ఇసుకలోకి దింపి స్టార్ట్ చేయమనండి. రెండోది నిలబడిపోయి అదొక్కటే తిరిగిందంటే సంగతి మీకే అర్థమైపోతుంది. స్పేర్ హౌసింగ్, హాఫ్ షాఫ్ట్ ములుగులో దొరుకుతాయా, వరంగల్ పోవాలా అన్నదీ అడగండి. ఇక్కడి నుంచి వరంగల్ వెళ్లి రావాలంటే రెండొందల కిలోమీటర్ల పైమాటే. బండి మూలపడిన రోజులకు కూడా ఈఎంఐ కట్టాలి.

సేల్స్ మనిషి రేంజ్ గురించి మొదలుపెడితే ఒక్కటే అడగండి. ఆ 251, 178 కిలోమీటర్లు ఎంతమందితో, ఏ రోడ్డు మీద వచ్చాయని. మెత్తటి మట్టిలో మన 900 కిలోల బండిని చదునుగా లాగడానికే 27 కిలోల తోపు కావాలి. నున్నటి తారు మీద దానికి సగం కూడా అక్కర్లేదు. టెస్ట్ ట్రాక్ మీద వచ్చిన అంకె గూడెం బాటలో రాదు. పాతిక, ముప్పై శాతం కాదు, మట్టిబాట ఎక్కువైతే సగానికి దగ్గరగా పడిపోయినా ఆశ్చర్యం లేదు. రోజూ తిరిగే రూట్ కిలోమీటర్లు ఒక కాగితం మీద వేసుకుని, వాటిలో మట్టిబాట ఎంతో విడిగా రాసుకుని షోరూమ్‌కు వెళ్లండి.